పాలు సంఘానికి, పెండ గుంటకు

(దబీర్‌పురాలో పాల ఉత్పత్తిదారుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పాల ధర గురించి, వెన్న శాతం గురించి చెప్పవలసిన పెద్దలు ఈ వేదిక మీద వేరే ఉన్నారు. మాకు అప్పగించిన విషయం వేదికల మీద ఎవరూ ఎక్కువగా ఎత్తుకోనిది. బర్రె వేసిన పెండ, అది తినక విడిచిన గడ్డి, వంటింట్లో మిగిలిన తొక్కలు, తొడిమలు. వీటిని ఇంటి దగ్గరనే ఎరువుగా మార్చుకోవడం ఎట్లా, మార్చుకుంటే ఒరిగేదేమిటి అన్నదే ఈనాటి మా ప్రసంగం. పుస్తకాలలో దీనిని పేడ అంటారు. మనం ఇక్కడ పెండ అనే అందాం, అది మన ఇంటి మాట.

రిజిస్టరుకు ఎక్కని సరుకు

సంఘాన్ని తనిఖీ చేయడానికి వచ్చినప్పుడు మేము మొట్టమొదట అడిగేది పాల సేకరణ రిజిస్టరు. ఉదయం ఎన్ని లీటర్లు, సాయంత్రం ఎన్ని లీటర్లు, వెన్న ఎంత, వెన్నకాని ఘన పదార్థం ఎంత, సభ్యునికి బిల్లు ఎంత. చుక్క తేడా వచ్చినా కార్యదర్శిని నిలబెట్టి అడుగుతాము. సభ్యులూ ఊరుకోరు. అది న్యాయమే.

అయితే ఒక లెక్క చూడండి. ఒక మోస్తరు బర్రె రోజుకు ఐదారు లీటర్ల పాలు ఇస్తుంది. అదే బర్రె రోజుకు 15 నుండి 20 కిలోల పెండ వేస్తుంది. తూకంలో పాలకు సుమారు మూడు రెట్లు. ఏడాదికి ఒక్క బర్రె నుండి ఐదు టన్నుల పైమాటే. దీనికి ఏ సంఘంలోనూ రిజిస్టరు లేదు, ఏ ఇంట్లోనూ లెక్క లేదు. లెక్క లేని సరుకు ఎప్పుడైనా దారి తప్పుతుంది. మన పెండ దారి తప్పి నాలాలో పడుతున్నది.

ఇంకొక సంగతి. మీరు డబ్బు పెట్టి కొనే తౌడు, తెలగపిండి, పత్తిచెక్కలలో విలువైనది మాంసకృత్తు. మాంసకృత్తులో ఉండేది నత్రజని. బర్రె తిన్న నత్రజనిలో పాలలోకి వచ్చేది నాలుగో వంతు అటు ఇటుగా మాత్రమే. మిగిలినదంతా పెండలో, మూత్రంలో బయటకు పోతుంది. అంటే దాణా కొట్టుకు కట్టిన డబ్బులో పెద్ద వాటా మన కొట్టం నేల మీదనే పడి ఉన్నదన్న మాట. దానిని పైపు పెట్టి కడిగి గల్లీలోకి వదలడమంటే నోట్లు నీళ్లలో కలపడమే.

దబీర్‌పురాలో ఈ మాట ఎందుకు

పల్లెలో ఇంటి వెనుక పెంటదిబ్బ ఉంటుంది. ఎండాకాలంలో బండి కట్టి చేనుకు తోలుకుంటారు. అక్కడ పెండ దారి తప్పదు. మన సంగతి వేరు. పాత నగరపు గోడకు ఉన్న దర్వాజాలలో ఈనాడు నిలిచి ఉన్నవి రెండే, ఒకటి పురానాపూల్ దర్వాజా, రెండవది మన దబీర్‌పురా దర్వాజా. ఆ దర్వాజా లోపలి గల్లీలు మనుషులు, గుర్రాలు నడిచిన కాలానికి సరిపోయేవి. ఈనాడు అదే గల్లీలో ఇల్లు, ఇంటి పక్కన ఇల్లు, మధ్యలో నాలుగు బర్రెల తబేలా. చేను లేదు, దిబ్బ వేసే జాగా లేదు.

మరి పెండ ఎక్కడి నుండి వస్తున్నది? గడ్డి నుండి. నగరానికి తూర్పున ఉప్పల్, పీర్జాదిగూడ, పర్వతాపురం వైపు మూసీ ఒడ్డున రైతులు ఏళ్ల తరబడి పారాగడ్డి పండించి నగరంలోని తబేలాలకు అమ్ముతూ వచ్చారు. నగరం పెరిగి ఆ పొలాలు తగ్గుతున్నా గడ్డి మాత్రం బయటి నుండే రావాలి. నేలలోని సారం గడ్డిగా మారి ట్రాలీలో మన గల్లీకి వస్తున్నది. వచ్చిన ట్రాలీ ఖాళీగా పోతున్నది. నేలకు తిరిగి చేరవలసినది నాలాలో పడి, నాలా నుండి మూసీలో పడి, మనకూ రైతుకూ కాకుండా పోతున్నది. వెన్న చేతబట్టుకొని నేతికోసం ఊరంతా తిరిగినట్లు, ఆ రైతు ఎరువు కోసం వెతుక్కుంటున్నాడు, మనం ఎరువు వదిలించుకోలేక తిప్పలు పడుతున్నాము.

నాలా పూడితే ఏమవుతుందో ఈ బస్తీలకు చెప్పనక్కరలేదు. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీలో ఎన్ని ఇళ్లు నీట మునిగాయో అందరూ చూశారు. దానికి కారణాలు అనేకం, పెండ ఒక్కటే కాదు. కాని మన ఇంటి ముందు మోరీ పూడినప్పుడు అడుగున గట్టిపడినది ఏమిటో పార పెట్టి ఎత్తినవారికి తెలుసు.

అసలు ఆపద ఇది. ఇరుగుపొరుగు వారు వాసన, దోమలు, ఈగల గురించి ఫిర్యాదు చేస్తారు. ఒకటి, రెండు ఫిర్యాదులు కాగానే మునిసిపల్ వారు వస్తారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో తబేలాలకు, గోశాలలకు మార్గదర్శకాలు ఇచ్చింది. పెండను కాలువలలోకి వదలరాదన్నది వాటిలో ముఖ్యమైన మాట. తాత ముత్తాతల నుండి ఈ గల్లీలో పాడి చేసుకుంటున్న కుటుంబం బర్రెలను తోలుకొని ఊరవతలకు పోవలసి వస్తే, అది పాల ధర తగ్గినందున కాదు, పెండ దారి తప్పినందున. దీపావళి వెళ్లగానే సదర్‌నాడు దున్నపోతులకు దండలు వేసి ఊరేగిస్తాము. బర్రెకు ఈ గల్లీలో స్థానం నిలబెట్టేది మాత్రం ఆ దండ కాదు, రోజూ శుభ్రంగా ఉన్న వాకిలి.

ఈగ లెక్క

తాజా పెండ మీద ఈగ గుడ్లు పెడుతుంది. మన వేసవి వేడికి ఆ గుడ్డు పురుగై, రెక్కల ఈగ కావడానికి వారం నుండి పది రోజులు చాలు. ఆదివారం ఆదివారం కుప్ప ఎత్తేవారు శుభ్రం చేస్తున్నామని అనుకుంటారు. నిజానికి వారు ఈగల పంట తీస్తున్నారు. ఆ ఈగ అక్కడి నుండి పాల క్యాను మూత మీద వాలుతుంది. క్యాను సంఘానికి వచ్చేసరికి పాలలో క్రిములు పెరిగి ఉంటాయి. పాలు విరిగితే పాలు పోసినవారిదే నష్టం.

పెండను ఏ రోజుకా రోజు ఎత్తి, ఎండు చెత్తతో కలిపి, కప్పి పెడితే ఈగకు చోటు దొరకదు. సరిగా పేర్చిన కుప్ప లోపల 55 నుండి 65 డిగ్రీల వేడి పుడుతుంది. ఆ వేడికి ఈగ పురుగులు, చాలా రకాల రోగక్రిములు, కలుపు గింజలు చస్తాయి. ఎరువు తయారీ మాట అటుంచి, ఈ ఒక్క లాభం చాలు.

ఇది కొత్త విద్య కాదు

పెండలో చెత్త కలిపి మాగబెట్టడం మన రైతులు ఎప్పటి నుండో ఎరిగినదే. దానికి కొలతలు, పద్ధతి ఏర్పరచినది ఆల్బర్ట్ హోవర్డ్ అనే వ్యవసాయ శాస్త్రజ్ఞుడు. ఆయన 1924 నుండి 1931 వరకు ఇండోర్‌లో పనిచేసి, యశ్వంత్ వాడ్ సహాయంతో, చెత్తనూ పెండనూ మూత్రం ఇంకిన మట్టినీ పొరలు పొరలుగా వేసి తిరగదోడే పద్ధతిని రూపొందించాడు. దానినే ఇండోర్ పద్ధతి అంటారు. తరువాత 1939లో బెంగళూరులో ఆచార్య అనే శాస్త్రజ్ఞుడు పట్టణపు చెత్తను గుంటలలో మాగబెట్టే పద్ధతి చెప్పాడు. మహారాష్ట్రలో పూసద్ ప్రాంతపు నారాయణ్ పాండరీపాండే తక్కువ పెండతో ఎక్కువ చెత్తను మాగబెట్టే ఇటుక తొట్టిని తయారు చేశాడు. ఆయన పేరిటనే అది నాడెప్ తొట్టి అయింది. పల్లెలలో చాలామంది చూసే ఉంటారు.

అన్నింటికీ మూలసూత్రం ఒకటే. మాగబెట్టే పని చేసేవి కంటికి కనబడని క్రిములు. వాటికి మూడు కావాలి. తిండి, తడి, గాలి. తిండిలో ఒక వంతు నత్రజని ఉంటే పాతిక, ముప్ఫై వంతులు కర్బనం ఉండాలి. ఉత్త పెండ, కూరగాయల తొక్కలు అయితే తడి, నత్రజని ఎక్కువై కుళ్లి కంపు కొడుతుంది. ఉత్త ఎండుగడ్డి అయితే నెలల తరబడి కదలదు. రెండూ కలపాలి, అంతే. మన ఇంట్లో పాలు తోడుపెట్టినట్లే. తోడు ఎక్కువైనా చెడుతుంది, తక్కువైనా పేరుకోదు.

బర్రె లేని ఇంటికి

ముందు చిన్న పని చెబుతాము, ఆడవారు దీనిని తేలికగా పట్టుకుంటారు. ఐదుగురున్న ఇంట్లో రోజుకు కిలో అటు ఇటుగా తడి చెత్త వస్తుంది. మూడు మట్టి గోలేలు గాని, అడుగున, పక్కల రంధ్రాలు చేసిన పాత రంగు డబ్బాలు గాని డాబా మీద నీడలో పెట్టుకోవాలి. అడుగున గుప్పెడు ఎండాకులు. ఆ పైన రోజూ వచ్చే తొక్కలు, తొడిమలు, వాడిన చాయ్ పత్తి. ప్రతిసారి అంతే పరిమాణంలో ఎండాకులు, చింపిన అట్టముక్కలు లేదా రంపపు పొట్టు పైన కప్పాలి. వారానికి ఒకసారి పిడికెడు పెండ నీళ్లలో కలిపి చల్లాలి. పక్కింట్లో బర్రె ఉంటే అడిగితే కాదనరు. కర్రతో వారానికి ఒకసారి కలియబెట్టాలి. ఒక గోలెం నిండగానే రెండవది మొదలుపెట్టాలి. మూడవది నిండే నాటికి మొదటిది మాగి ఉంటుంది. మూడు, నాలుగు నెలలు పడుతుంది.

రంజాన్ నెలలో పుచ్చకాయ, బొప్పాయి, అరటి తొక్కలు బుట్టలకొద్దీ వస్తాయి. అప్పుడు పొట్టు, ఆకులు ముందే పోగుచేసి ఉంచుకోవాలి. లేకుంటే గోలెంలో నీరు ఊరి వాసన వేస్తుంది.

ఒకటి, రెండు బర్రెలు ఉన్న ఇంటికి

ఒక బర్రెకు ఐదు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, మూడు అడుగుల ఎత్తు గల ఇటుక తొట్లు రెండు చాలు. రెండు బర్రెలకు నాలుగు. గోడలో అక్కడక్కడ ఇటుక వదిలి గాలి రంధ్రాలు ఉంచాలి. అడుగు సిమెంటు చేసి ఒక వైపుకు వాలు పెట్టి, ఊరే నీటిని బకెట్లో పట్టి తిరిగి తొట్టిలోనే పోయాలి. తొట్టి పక్కింటి గోడకు ఆనించి కట్టకూడదు. నీళ్ల సంపుకూ బోరుకూ దూరంగా ఉండాలి.

రోజూ పెండ ఒక పొర, దాని మీద బర్రె విడిచిన గడ్డి, ఆకులు, పొట్టు అంతే మందంలో ఒక పొర. కొట్టంలో మూత్రం పడే చోట పొడిమట్టి గాని పొట్టు గాని చల్లి, అది తడిసిన తరువాత ఎత్తి తొట్టిలో వేయాలి. మూత్రంలో నత్రజని, పొటాష్ రెండూ ఎక్కువ. దానిని పోగొట్టుకుంటే సగం ఎరువు పోగొట్టుకున్నట్లే. పైన పాత గోనెసంచులు కప్పాలి. వానకాలంలో తాడుపత్రి లేక రేకు తప్పనిసరి. మొదటి తొట్టి నిండడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. రెండవది నిండే లోపల మొదటి దానిని ఒకసారి తిరగదోడితే మాగిపోతుంది.

తడి చూడడానికి యంత్రం అక్కరలేదు. పిడికెడు తీసి గట్టిగా పిండాలి. వేళ్ల మధ్య ఒకటి, రెండు చుక్కలు కనబడితే సరి. కారితే పొట్టు కలపాలి. పొడిపొడిగా రాలితే నీళ్లు చల్లాలి.

పాలు పితికే పని ముందు, తొట్టి పని తరువాత. పెండ ఎత్తిన చేతులు సబ్బుతో కడగనిదే పొదుగు ముట్టకూడదు. చేతికి గాయం ఉంటే తొట్టి దగ్గరకు పోరాదు.

పది బర్రెల తబేలాకు

ఇక్కడ మేము ఉన్నమాట చెప్పాలి. పది బర్రెలు రోజుకు 150 కిలోలకు తక్కువ కాకుండా పెండ వేస్తాయి. నెలకు నాలుగున్నర టన్నులు. గల్లీలో కట్టే ఏ తొట్టీ దీనిని పట్టదు. ఇంటి ఎరువు పద్ధతి చిన్న ఇళ్లకు సరిపోతుందే గాని పెద్ద తబేలాకు చాలదు. వారికి రెండే దారులు. చోటు ఉంటే గోబర్ గ్యాస్ తొట్టి కట్టి, గ్యాసు వంటకు, బయటకు వచ్చే చిక్కటి మడ్డి ఎరువుకు వాడడం. చోటు లేకుంటే గడ్డి తెచ్చిన ట్రాలీలోనే పెండను రైతు చేనుకు పంపడం. ఈ రెండవ దారి ఒక్కొక్కరు విడివిడిగా చేస్తే ఖర్చు గిట్టదు. సంఘం పూనుకోవలసినది ఇక్కడే.

వేయకూడనివి

మాంసం, ఎముకలు, నూనె, విరిగిన పాలు గోలెంలోగాని తొట్టిలోగాని వేయరాదు. ఎలుకలు, పందికొక్కులు చేరుతాయి. హలీం ఎముకలూ అంతే. బక్రీద్‌నాటి వ్యర్థాలను మునిసిపల్ వారు ఇచ్చే సంచులలోనే కట్టి వారికి అప్పగించాలి. ప్లాస్టిక్ సంచులు, గాజు, మందుల సీసాలు, పశువులకు వేసిన సూదులు అసలే కూడవు. ఈనిన బర్రె మాయను తొట్టిలో వేయకుండా, జాగా చూసి లోతుగా గుంట తీసి సున్నం చల్లి పాతిపెట్టాలి. ఈసుకుపోయిన బర్రె ఉంటే డాక్టరును అడిగి దాని పెండను వేరుగా ఉంచాలి. తడి చెత్త, పొడి చెత్త వేరుచేసి ఇవ్వడం 2016 నాటి నియమాల నుండి ప్రతి ఇంటికీ విధిగానే ఉన్నది.

మాగినదని ఎట్లా తెలుస్తుంది

రంగు నల్లబడాలి. చేతిలో పొడిగా రాలాలి. పెండ వాసన పోయి తొలకరి మట్టి వాసన రావాలి. చెయ్యి పెడితే వేడి ఉండకూడదు. అనుమానం ఉంటే ఒక మూకుడులో ఆ ఎరువు పోసి పిడికెడు పెసలు చల్లండి. చక్కగా మొలిస్తే మాగినట్లు. మొలక రాకున్నా, పసుపుబారినా ఇంకా కొన్నాళ్లు ఉంచాలి. పచ్చి పెండ చెట్టు మొదట్లో వేస్తే వేరు దెబ్బతింటుంది, చెదలు కూడా వస్తాయి.

లాభం ఎంత అని అడుగుతారు. గొప్పలు చెప్పడం మా పని కాదు. మాగిన పశువుల ఎరువులో నత్రజని నూటికి అర వంతు అటు ఇటుగా ఉంటుంది. టన్నుకు ఐదు కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైన ఉంటుంది. అంటే నాలుగు టన్నుల ఎరువు నత్రజని లెక్కన ఒక యూరియా బస్తాకు సమానం. ఇట్లా చూస్తే ఎరువు చౌకగా కనబడుతుంది. కాని యూరియా నేలను గుల్లగా చేయదు, నీటిని పట్టి ఉంచదు, వానపామును బతికించదు. పశువుల ఎరువులో భాస్వరం, పొటాష్, సూక్ష్మ పోషకాలు కూడా ఉన్నాయి. అందుకే కూరగాయలు, పూలు పండించే రైతు యూరియా దొరికినా ఎరువు కోసం తిరుగుతాడు. నగరంలో డాబాల మీద మొక్కలు పెంచేవారు నర్సరీలలో సంచుల లెక్కన కొంటున్నారు. కొనేవారు ఉన్నారు. నమ్మకంగా, ఒకే తీరుగా అమ్మేవారు కావాలి.

సంఘం చేయవలసినది

పాలు ఒక్కొక్కరు అమ్ముకున్నంత కాలం దళారి చెప్పిందే ధర. 1946లో ఆనంద్ రైతులు ఒకటై పోసిన తరువాతనే పాలకు న్యాయమైన ధర పుట్టింది. పెండకు కూడా అదే దారి. అదే ఆనంద్ జిల్లాలో ముజ్‌కువా అనే గ్రామంలో పాడి చేసే మహిళలు గోబర్ గ్యాస్ మడ్డి కోసం ప్రత్యేకంగా ఒక ఎరువు సహకార సంఘం పెట్టుకున్నారు. జాతీయ పాడి అభివృద్ధి మండలి 2022లో పెండ వినియోగానికి మృద అనే పేరుతో వేరే సంస్థనే నెలకొల్పింది. పాడి సంఘం పని పాలతోనే ఆగదని దీని భావం.

ఇన్‌స్పెక్టరుగా మేము చెప్పగలిగినవి నాలుగు. మొదటిది, మీ సంఘం ఉపనిబంధనలలోని ఉద్దేశాలలో ఎరువు తయారీ, అమ్మకం ఉన్నదో లేదో చూసుకోండి. లేకుంటే సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి సవరణకు పంపండి. తీర్మానం లేకుండా పైసా ఖర్చు పెడితే ఆడిట్‌లో అభ్యంతరం తప్పదు. రెండవది, పెండకు ఒక రిజిస్టరు తెరవండి. ఎవరు ఎన్ని తట్టలు ఇచ్చారో పాల మాదిరిగానే రాయండి. మూడవది, గడ్డి తెచ్చే ట్రాలీ వారితో, ఎరువు కావలసిన రైతులతో సంఘం పేరున ఒప్పందం చేసుకోండి. వచ్చిన డబ్బు పాల ఖాతాలో కలపకండి, వేరుగా ఉంచండి. నాలుగవది, మొదటి ఏడాది ఐదు ఇళ్లతోనే మొదలుపెట్టండి. అవి నిలబడితే మిగిలినవారు తామే వస్తారు. ఈ పనిలో పెండ ఎత్తేది ఎక్కువగా ఇంటి ఆడవారు. కాబట్టి ఆ రిజిస్టరులో వారి పేరు ఉండాలి, డబ్బు వారి చేతికే అందాలి.

దబీర్ అంటే పారసీ భాషలో రాతగాడు, లెక్కలు, పత్రాలు రాసేవాడు. అటువంటి పేరున్న పేటలో ఇంత సరుకు లెక్క లేకుండా పోవడం బాగుండదు. పాలు సంఘానికి రావాలి. పెండ గుంటకు పోవాలి. నాలాలోకి నీళ్లు మాత్రమే పోవాలి. ఈ మూడూ జరిగిన గల్లీలో బర్రెను తోలుకుపొమ్మనే నోటీసు రాదని మా నమ్మకం.

 జై సహకార్.